ఆపెరా రికార్డులలో మన కథలు

1902వ సంవత్సరము ఏప్రిల్ మాసమున మిలాన్ నగరములోని ఒక హోటలు గదిలో ఎన్రికో కరూసో అను యువగాయకుడు లోహపు కొమ్ము ముందు నిలిచి పది పాటలు పాడెను. యంత్రమును నడపినవాడు ఫ్రెడ్ గైస్‌బర్గ్. ఆ సంవత్సరమే నవంబరులో గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి అట్టి కొమ్ము ముందే గౌహర్ జాన్ చేత పాడించెను. ఇటలీ ఆపెరాలో మహాగాయకుడు కానున్నవాడును, హిందూస్థానీ గానమున అప్పటికే పేరు మోసిన గాయనియు ఒకే ఏట, ఒకే మనిషి చేతి మీదుగా రికార్డుకెక్కిరి. ఇద్దరికిని ఒకే కొలత: పాటకు ఇంచుమించు మూడు నిమిషములు.

ఆ మూడు నిమిషముల నిర్బంధమే ఆపెరా శ్రోతల అభిరుచిని దాదాపు అర్ధశతాబ్దము తీర్చిదిద్దినది. మూడు గంటల సంగీతనాటకమునుండి ఒక పాటను ఊడదీసి అమ్మవలసి వచ్చెను. ఆ పాటను పాడుచున్నది ఎవరు, ఎవరితో, ఏ ఆపదలో నుండి అను ప్రశ్న రికార్డు కొన్నవానికి పుట్టదు. ఆంధ్రదేశమున రంగస్థల పద్యములు గ్రామఫోను ప్లేట్లమీద ఇంటింటికి చేరినప్పుడును ఇట్లే జరిగినది. పద్యమును, దాని చివర సాగదీసిన రాగమును మాత్రమే జనులు నేర్చుకొనిరి. అయినను తెలుగు శ్రోతకు నష్టము కొంచెమే. కృష్ణుడెవరో, రాయబారమెందులకో అతనికి ముందే తెలియును. పారిస్ శ్రోతకు గాని న్యూయార్కు శ్రోతకు గాని లక్మే ఎవరో, నూరాబాద్ ఎవరో తెలియదు. కథ తెలియనివానికి ముక్కగా వచ్చిన పాట కేవలము గొంతు విన్యాసమై మిగులును.

1948లో లాంగ్‌ప్లే రికార్డు రాగానే ఈ స్థితి మారెను. నాటకమంతయు రెండు మూడు రికార్డులలో ఇమిడెను. క్రమముగా ఒకే ఆపెరాకు నాలుగైదు సంపూర్ణ రికార్డులు ఏర్పడినవి. అప్పటినుండి శ్రోత చేయదగిన పని, తాళపత్ర ప్రతులను ముందు పెట్టుకొని కావ్యమును పరిష్కరించు పండితుని పనికి దగ్గరగా వచ్చినది. ఏ ప్రతిలో ఏ పాఠమున్నది? ఎవరు ఏది వదలిరి, ఏది చేర్చిరి? పాశ్చాత్యులు మన దేశపు కథలతో కట్టిన ఆపెరాల విషయమున ఈ పనికి మరియొక ప్రయోజనము కలదు. మన కథ వారి చేతిలో ఎట్లు మారినదో నాటక సాహిత్యము చెప్పును. మన మనిషి వారి చెవికి ఎట్లు వినబడినదో రికార్డు చెప్పును.

వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైనది లియో దెలీబ్ రచించిన ‘లక్మే’. 1883 ఏప్రిల్ 14న పారిస్‌లోని ఆపెరా కొమీక్ రంగస్థలముపై తొలిసారి ప్రదర్శింపబడెను. లక్మే యనగా మన లక్ష్మియే. ఆమె తండ్రి నీలకంఠుడను బ్రాహ్మణుడు, చెలికత్తె మల్లిక. జెరాల్డ్ అను ఆంగ్ల సైనికోద్యోగి ఆమెను చూచి వలచును. ఆంగ్లేయులు హిందువుల పూజలను నిషేధించిరనియు, నీలకంఠుడు రహస్యముగా ఆరాధన సాగించుచున్నాడనియు కథకు పీఠిక. అట్టి నిషేధము చరిత్రలో లేదు. తుదకు లక్మే ఉమ్మెత్తను తిని ప్రాణము విడుచును. ఇంతకంటె వింతయైనది రెండవ అంకములోని గంటల పాట. అందొక పరయ కన్య అడవిలో మృగముల వాతబడబోవు బాటసారిని, తన చేతికోలకు కట్టిన గంటలు మ్రోగించి కాపాడును. ఆ బాటసారి విష్ణువట. విష్ణువు బ్రహ్మకు కుమారుడట! నాభికమలమున పుట్టినవాడు తండ్రియై, తండ్రి కొడుకైన ఈ వంశావళిని పారిస్ ప్రేక్షకులు తరములుగా ఆక్షేపణ లేక విని ఆనందించిరి. కథకు మూలములలో ఒకటి తేయోదోర్ పావీ అను ఫ్రెంచి సంస్కృత పండితుని రచన. ఆ పండితుని పేరు ఈ వ్యాసమున మరల రానున్నది. పై పొరపాటును అతనికి అంటగట్టుట న్యాయము కాదు.

గంటల పాట నాటకములో వేడుకకు పాడునది కాదు. సంతలో జనము నడుమ తండ్రి కూతురిచే బలవంతముగా పాడించును. ఆ గొంతు విని గుంపులో దాగిన ప్రియుడు బయటపడవలెను, బయటపడినవానిని పొడువవలెను. అది అతని పన్నాగము. తన పాటయే ఉచ్చుగా మారుచున్నదని గ్రహించుచు పాడు పిల్ల యామె. తొలినాటి రికార్డులలో తెత్రాజీనీ, గల్లి కూర్చీ వంటి గాయనులు ఈ పాటను కీర్తికి తెచ్చిరి. కాని వారి రికార్డు ముఖముపై సంతకు గాని తండ్రికి గాని చోటు లేదు. 1952లో జార్జ్ సెబాస్టియన్ నిర్వహణమున వెలువడిన సంపూర్ణ రికార్డులో మాదో రోబాఁ పాడెను. ఆమె గొంతు అందుకొను ఎత్తులు ఆ కాలమున ఒక అద్భుతముగా చెప్పుకొనబడినవి. 1967లో జోన్ సదర్లండ్ పాడినది. నాదసౌందర్యమున దానికి సాటి అరుదు. అయితే మాటలు ఆ నాదములో కరగిపోయినవి, ఫ్రెంచి వచ్చినవాడు కూడ చేత సాహిత్యము పట్టుకొని వినవలసినదే. 1970లో పాడిన మాదీ మెస్ప్లే గొంతు సన్నము, కాని ప్రతి అక్షరము స్పష్టము. 1954లో మరియా కాలస్ ఈ ఒక్క పాటను ఇటాలియను భాషలో రికార్డు చేసెను. మాట మూలభాషది కాదు, నాటకము పూర్తిగా లేదు; అయినను కథ చెప్పుచున్న మనిషి ఒకతె ఉన్నదని తెలియుట ఈ రికార్డులోనే. బాటసారి చుట్టు మృగములు మూగిన చోట ఆమె గొంతు చీకటి పడినట్లగును. సంపూర్ణ నాటకములో అట్టి భయమును వినిపించినది 1997 నాటి రికార్డులో నాతలీ దెస్సే. ఐదుగురిని వరుసగా విన్నవానికి ఒక సంగతి తేటపడును: హెచ్చు స్వరము నందుకొనుటలో పోటీ జరిగినంతకాలము లక్మే పక్షి, మాటకు ప్రాణము వచ్చిన క్షణమున ఆమె ఒక తండ్రికి లొంగిన కూతురు.

మొదటి అంకములో లక్మే, మల్లికలు పూలు కోయబోవుచు పాడు యుగళగీతమును ఒక విమానసంస్థ తన ప్రకటనలకు వాడుకొనుటచే, ఆపెరా పేరు వినని కోట్లమంది దానిని విన్నారు. అందు మల్లెపూవుల మాట వచ్చునని, పాడువారిలో ఒకతె పేరు మల్లెయేనని వారిలో ఎందరికి తెలియును?

జార్జ్ బిజే రచించిన ‘ముత్యముల వేటగాండ్రు’ చరిత్ర ఇంకను చిక్కైనది. 1863 సెప్టెంబరు 30న పారిస్‌లో తొలి ప్రదర్శనము జరుగునాటికి బిజే వయస్సు 24 ఏండ్లు. కథను మొదట మెక్సికోలో జరిగినట్లు తలపెట్టి, తరువాత సింహళమునకు మార్చిరి. మార్పు ఎంత తేలికగా జరిగినదో పాత్రల పేర్లే సాక్ష్యము. మన్నారు సింధుశాఖలో ముత్యములేరుట సత్యమే. కాని ఇందు బ్రహ్మను కొలుచు కన్య పేరు లైలా, ఆమెను ప్రేమించినవాడు నాదిర్, ప్రధానార్చకుని పేరు నూరాబాద్! హిందీ, ఉర్దూ తెలిసినవారికి నూరాబాద్ అను మాట వినగానే ఒక ఊరు స్ఫురించునే కాని పురోహితుడు స్ఫురింపడు.

ఆ ఏడు 18 ప్రదర్శనములు జరిగి నాటకము అటకెక్కెను. బెర్లియోజ్ ఒక్కడు మెచ్చుకొనెను. 1875లో బిజే మరణించెను. ‘కార్మెన్’ కీర్తి పెరిగిన పిమ్మట 1886లో దీనిని ఇటలీలో మరల ఆడిరి. అప్పటినుండి ప్రకాశకులు స్వరలిపిని తమ ఇచ్చవచ్చినట్లు దిద్దసాగిరి. చివరి అంకములోనికి బెంజమిన్ గొదార్ అను మరియొకని సంగీతమును చేర్చిరి. నాయకుల మిత్రుడైన జుర్గా మూలములో చావడు, ఒంటరిగా మిగులును. తరువాతి పాఠములలో అతనిని చంపిరి. అన్నింటికంటె ముఖ్యమైన మార్పు నాదిర్, జుర్గాలు కలసి పాడు ప్రసిద్ధ గీతములో జరిగినది. ఒకే స్త్రీని చూచి మోహించిన ఇద్దరు మిత్రులు ఆ దర్శనమును తలచుకొందురు. పిల్లనగ్రోవి, హార్పు వాద్యముల మీద దేవతను తలపించు మెట్టు సాగును. బిజే వ్రాసిన పాఠములో గీతము వేరొక భాగమునకు తిరిగి, చావు వరకు విడిపోమను స్నేహప్రతిజ్ఞతో ముగియును. దిద్దినవారు ఆ భాగమును తీసివేసి, దేవత మెట్టునే మరల తెచ్చి ముగించిరి. బిజే స్వహస్తముతో వ్రాసిన ప్రతి అందుబాటులో లేకపోవుటచే ఈ దిద్దిన పాఠమే దాదాపు ఒక శతాబ్దము బిజే పేర చెలామణి అయ్యెను.

కరూసో 1907లో మారియో అంకోనాతో కలసి దీనిని ఇటాలియనులో పాడెను. 1950లో యూసి బ్యోర్లింగ్, రాబర్ట్ మెర్రిల్ పాడిన రికార్డు లోకమంతట ప్రసిద్ధి కెక్కెను. రేడియో శ్రోతలు తరచు కోరెడు ఆపెరా గీతములలో అది ఒకటి. 1960లో నికొలాయ్ గెడ్డా నాదిర్‌గా పాడిన సంపూర్ణ రికార్డులోను ఉన్నది దిద్దిన పాఠమే. 1970లలో ఆర్థర్ హామండ్ 1863 నాటి అచ్చు పియానో స్వరలిపిని ఆధారము చేసికొని మూలమును పునరుద్ధరింపగా, 1977లో జార్జ్ ప్రెత్ర్ నిర్వహణమున అలేన్ వాంజో నాదిర్‌గా వెలువడిన రికార్డు ఆ పాత పాఠమును శ్రోతలకు వినిపించెను. తరువాత హ్యూ మెక్‌డొనాల్డ్ పరిష్కరించిన ప్రతి 2017లో రికార్డయ్యెను.

పక్కపక్కన పెట్టి విన్నచో పరిష్కర్తకు కొంత ఇబ్బంది తప్పదు. చెవికి హాయి గొల్పునది దిద్దిన పాఠమే. మెట్టు తిరిగి వచ్చినప్పుడు కలుగు సుఖము ప్రతిజ్ఞతో ముగియు మూలములో లేదు. బ్యోర్లింగ్ గొంతులో ఆ పునరావృత్తిని ఒకసారి విన్నవాడు దానిని వదలుకొనుటకు ఇష్టపడడు. కాని నాటకముగా చూచినచో మూలమునకే బలమెక్కువ. దేవతారూపముతో ముగిసినచో ఇద్దరి మనస్సులు ఇంకను ఆమె మీదనే ఉన్నట్లు. ప్రతిజ్ఞతో ముగిసినచో వారు ఆమెను మరచుటకు ఒట్టు వేసికొన్నట్లు. ఆ ఒట్టు విరుగుటయే తరువాతి కథ. మన కావ్యములలోను ప్రక్షిప్తములు కొన్ని అసలు పద్యములకంటె జనుల నోళ్లలో ఎక్కువగా నిలిచినవి. అంతమాత్రమున వానిని కవి పేర చదువుటకు పరిష్కర్త ఒప్పుకొనడు. జనులు చదువుటను అతడు ఆపనులేడు.

మాస్నే రచించిన ‘లాహోరు రాజు’ను గూర్చి ఇంతగా చెప్పుటకు లేదు. 1877లో పారిస్ ఆపెరాలో వైభవముగా ప్రదర్శింపబడి, అనంతరము ఒక్క బారిటోన్ పాటగా మిగిలినది. 1979లో రిచర్డ్ బోనింజ్ నిర్వహణమున సదర్లండ్, షెరిల్ మిల్న్స్ ప్రభృతులు పాడిన సంపూర్ణ రికార్డు వచ్చువరకు, చంపబడిన రాజు మేరుపర్వతముపై ఇంద్రుని సభకు పోయి, సీత అను ప్రేయసి కొరకు బిచ్చగానిగా భూమికి తిరిగివచ్చు కథ చాలమందికి తెలియదు. కథాకాలము మహమ్మదు దండయాత్రల కాలము. రాజు పేరు ఆలిం, మంత్రి పేరు సింధియా. ఇంద్రాలయ ప్రధానార్చకుని పేరు తైమూరు! పదునాలుగవ శతాబ్దమున పుట్టి ఢిల్లీని దోచినవానికి మూడు వందల ఏండ్ల ముందే ఇంద్రపూజ చేయు పదవి దొరకినది.

ఈ మూడింటిలోను భారతదేశము తెరమీది రంగు. ఆల్బేర్ రూసెల్ రచించిన ‘పద్మావతి’తో మరియొక దృష్టి మొదలగును. రూసెల్ యౌవనమున నౌకాదళములో పనిచేసెను. 1909లో భార్యతో మన దేశమునకు వచ్చి చిత్తూరుగఢ్ శిథిలములను కన్నులార చూచెను. అతడు తలపెట్టిన ఆపెరాకు లూయి లాలోయి సాహిత్యము కూర్చగా, నడుమ మహాయుద్ధము వచ్చుటచే, ప్రదర్శనము 1923 జూన్ 1 వరకు ఆగినది. కథకు ఆధారము పావీ 1856లో హిందీ గ్రంథముల ననుసరించి ఫ్రెంచిలో ప్రకటించిన పద్మినీ కథ. ‘లక్మే’కు బీజమిచ్చిన పావీయే ఇతడు. ఒకే పండితుని వ్రాతలనుండి నలుబది ఏండ్ల వ్యవధిలో ఇంత వేర్వేరైన రెండు నాటకములు పుట్టుట విశేషము.

మలిక్ ముహమ్మద్ జాయసీ 1540లో అవధీ భాషలో వ్రాసిన ‘పద్మావత్’ను హిందీ పాఠకులు సూఫీ ప్రేమకావ్యముగా చదువుదురు. అందు సింహళద్వీప రాజకుమారికొరకు రతన్‌సేనుడు చిలుక మాట విని యోగియై బయలుదేరుట సగము కావ్యము. 1303 నాటి చిత్తూరు ముట్టడి చరిత్ర సంఘటన. పద్మావతి కవి సృష్టి యని చరిత్రకారులలో పెక్కుర అభిప్రాయము. కావ్యములో రతన్‌సేనుడు వేరొక రాజుతో పోరి మరణించును, నాగమతీ పద్మావతులు సహగమనము చేయుదురు, అల్లావుద్దీనుకు దక్కునది బూడిద. ఆపెరాలో చిలుక లేదు, సింహళము లేదు, యోగి లేడు. నగరమును రక్షించుటకై నిన్ను సుల్తానుకు అప్పగింతునని భర్త చెప్పగా పద్మావతి అతనిని తానే పొడిచి, అతని చితి నెక్కును. ఇది జాయసీకి తోచనిది, బహుశః తోచకూడనిది. అయినను నాటకముగా అది కదలించును. రాణికి ఒక నిర్ణయము కలదు. లక్మేకు అట్టిది ఉమ్మెత్త ఒక్కటియే.

ఈ భేదమును రూసెల్ గొంతులోనే నిలిపెను. లక్మే పిల్లనగ్రోవితో పోటీపడు హెచ్చు స్థాయి గళము. పద్మావతి స్త్రీ గళములలో మంద్రస్థాయి. 1969లో లండన్‌లో జాఁ మార్తినోన్ నిర్వహించిన ప్రదర్శనమున రీతా గోర్ పాడిన రికార్డు ఒకటి, 1980ల తొలి భాగమున తులూజ్ నగరములో మిషెల్ ప్లాసోన్ నిర్వహణమున మారిలిన్ హోర్న్ పాడినది మరియొకటి దొరకును. మొదటిది సభలో పట్టినది. దగ్గులు, అడుగుల చప్పుడు వినబడిన వినబడవచ్చును గాని ఆ వేడి రెండవదానిలో లేదు. రెండవదానిలో మాటలు లేక కేవలము స్వరములతో సాగు బృందగానము పొగవలె పైకి లేచుట స్పష్టముగా తెలియును. ఇందు రతన్‌సేనుడు నికొలాయ్ గెడ్డా. సింహళపు జాలరియై ఇరువది ఏండ్లు గడచిన తరువాత చిత్తూరు రాజైనాడు. సుల్తాను జోసె వాన్ డామ్. అతడే అదే నిర్వాహకునితో 1997 నాటి ‘లక్మే’లో నీలకంఠుడు. 2008లో పారిస్‌లోని షాత్‌లే రంగస్థలముపై ఈ ఆపెరాను సంజయ్ లీలా భన్సాలీ ప్రయోగించెను. పది ఏండ్లకు, 2018లో, అతడు తీసిన హిందీ చిత్రము పేరు మార్చుకొని గాని విడుదల కాలేదు. ఫ్రెంచి వేదికమీద రాణి భర్తను పొడిచినను ఎవరును అడుగలేదు. స్వదేశమున పేరులోని అక్షరమునకే చిక్కు వచ్చినది.

కాళిదాసు కథ మరియొక తెరగు. 1789లో విలియం జోన్స్ ఆంగ్లానువాదమును, దానినుండి 1791లో జర్మను అనువాదమును వచ్చినది మొదలు ఐరోపా సంగీతకారులను శకుంతల విడువలేదు. షూబర్ట్ 1820లో మొదలిడి వదలివేసెను. ఫ్రాంకో అల్ఫానో తానే సాహిత్యము వ్రాసికొని 1921లో బొలోన్యా నగరమున ‘శకుంతలా గాథ’ను ప్రదర్శించెను. దుర్వాసుని శాపము, ఉంగరము, బెస్తవాడు అన్నియు ఉన్నవి. తుది పునస్సమాగమము మాత్రము లేదు. ఉంగరము చూచి రాజు కన్నులు తెరచునప్పటికి ఆమె అగ్నిమేఘమున వెడలిపోయి యుండును, బిడ్డ మాత్రము దక్కును. ఏడవ అంకమును తీసివేసిన శాకుంతలము మనకు ఒప్పదు. వారి రుచికి విషాదాంతమే ఉత్తమము కాబోలు.

ఈ అల్ఫానోయే పుచ్చీనీ మరణానంతరము ‘తురాన్‌దో’ను పూర్తి చేసినవాడు. 1926లో తొలి ప్రదర్శనమున తోస్కానీనీ, పుచ్చీనీ వ్రాసినంతవరకే వాయించి ఆపివేసెను. నాటినుండి అల్ఫానో పేరు పరుల ఇంటికి గోడ కట్టినవాని పేరుగా మిగిలినది. పోతన భాగవతమున శిథిల భాగములను పూరించిన గంగన, సింగన, నారయలను ఎందరు చదువుదురు? అతని సొంత ఇల్లు సహితము కూలినది. రెండవ ప్రపంచయుద్ధమున బాంబులు పడి రికోర్డి ప్రకాశకుల భాండాగారము ధ్వంసమైనప్పుడు ‘శకుంతల’ వాద్యస్వరలిపి నశించినదని అందరును నమ్మిరి. వృద్ధుడైన అల్ఫానో వాద్యభాగమునంతయు మరల వ్రాసి 1952లో రోములో ప్రదర్శించెను, రెండేండ్లకు మరణించెను. 2005లో, చేప కడుపునుండి ఉంగరము దొరకినట్లు, పాత స్వరలిపి ఆ భాండాగారములోనే దొరకినది! మరుసటి ఏట రోములో ఆ పాఠమును ఆడిరి. ఇటాలియను రేడియో ప్రసారములనుండి నిలిచిన పాత రికార్డులను, తరువాత దొరకిన మూలమును పోల్చి వినువానికి, ఒకే మనిషి తన రచనను ముప్పది ఏండ్ల తరువాత తానే పునర్నిర్మించిన తీరు తెలియును. ఇట్టి అవకాశము తాళపత్ర పరిష్కర్తలకు దొరకదు.

ఫిలిప్ గ్లాస్ రచించిన ‘సత్యాగ్రహ’ 1980లో రాటర్‌డామ్‌లో ప్రదర్శితమై 1985లో రికార్డుగా వెలువడెను. గాంధీజీ దక్షిణాఫ్రికా జీవితము కథ. పాడునది మాత్రము భగవద్గీతా శ్లోకములు, సంస్కృతములోనే. పాశ్చాత్య శ్రోతకు అర్థము కాని ఆపెరాను తెలుగు శ్రోత మాట మాటగా గుర్తుపట్టు సందర్భము ఇది. గుర్తుపట్టినప్పుడు ఒక చిక్కు కలుగును: ఒకే పాదము పదిసార్లు తిరిగి వచ్చుచుండ అర్థము వెంట పోవు మనస్సు అలసిపోవును, అర్థమును విడిచి నాదము వెంట పోయినచో హాయి. ఈ ఒక్క పట్ల భాష తెలియుట శ్రోతకు సాయము కాదు.

గుస్తావ్ హోల్‌స్ట్ ‘సావిత్రి’ వీనియన్నింటిలో చిన్నది. వ్యవధి అరగంట. పాడువారు ముగ్గురు, వాద్యకారులు పండ్రెండుమంది, మాటలు లేక పాడు స్త్రీల బృందమొకటి. హోల్‌స్ట్ లండన్‌లో సంస్కృతము నేర్చి ఋగ్వేద సూక్తములను తానే అనువదించుకొన్నవాడు. 1908లో ఈ నాటకమును వ్రాసి, ఆరుబయట గాని చిన్న మందిరమున గాని ఆడవలెనని కోరెను. 1916లో ఔత్సాహికులు ఆడిరి. తెర లేచునప్పటికి వేదికమీద ఎవరును లేరు, వాద్యము లేదు. దూరమునుండి యముని గొంతు మాత్రము వినవచ్చును. దానికి సావిత్రి గొంతు వేరొక శ్రుతిలో బదులు పలుకును. రెండు శ్రుతులు కలియవు. రాజ్యభ్రష్టుడైన మామ, నారదుడు, త్రిరాత్రవ్రతము, వరుసగా పొందిన వరములు, ఏవియు లేవు. సత్యవంతుడు కేవలము కట్టెలు కొట్టువాడు. భర్త ప్రాణము తప్ప ఏమైన కోరుమనగా సావిత్రి తనకు నిండు జీవితము కావలెనని అడుగును. యముడు ఒప్పుకొన్న తరువాత, భర్త లేనిది అది జీవితమగునా యని నిలదీయును. ఆంధ్ర మహాభారతమున అరణ్యపర్వశేషములో ఎఱ్ఱన చెప్పిన నూరుగురు కొడుకుల వరమునకు ఇది తోబుట్టువు. ఎత్తు ఒకటియే, అడుగు మాట వేరు. యముడు తానును మాయయే యని ఒప్పుకొని వెడలును.

1965లో హోల్‌స్ట్ కుమార్తె ఇమోజెన్ నిర్వహించిన రికార్డులో జానెట్ బేకర్ సావిత్రి, రాబర్ట్ టియర్ సత్యవంతుడు, థామస్ హెమ్‌స్లీ యముడు. 1983లో రిచర్డ్ హికాక్స్ నిర్వహణమున ఫెలిసిటీ పామర్ పాడిన రికార్డు వచ్చెను. దానిలో వాద్యబృందము మరింత తేటగా వినబడును, నాటకము చురుకుగా నడచును. అయినను యముడు ఎదురుగా నిలిచిన చోట మొదటి రికార్డునే మరల మరల వినబుద్ధి పుట్టును. అక్కడ సావిత్రి ఏడువదు, ప్రతిఘటింపదు. ఇంటికి వచ్చిన పెద్దను పిలిచినట్లు స్వాగతము చెప్పి, న్యాయము తప్పనివాడను అర్థము వచ్చు ఆంగ్ల పదముతో అతనిని సంబోధించును. బేకర్ ఆ మాటను పెద్దగా పాడదు. గొంతు కొంచెము తగ్గించి, అవతలివాని పేరు తెలిసిన మనిషి వలె పలుకును. సమవర్తి, ధర్మరాజు అను పేర్లను బాల్యమునుండి వినుచు వచ్చిన తెలుగు శ్రోతకు ఆ చోట అనువాదము అక్కరలేదు.